నారాయణఖేడ్‌లో తొంభై ఏడు పొరల సున్నం

నారాయణఖేడ్ నుంచి తిరిగొచ్చాక నా ఒంటి మీది సున్నం మూడు స్నానాలకు కూడా వదల్లేదు. నాలుగో స్నానానికి నీళ్లు కాగబెట్టేది లేదని మా ఆవిడ తెగేసి చెప్పింది. అంచేత ఆ యాత్రలో కొంత భాగం ఇప్పటికీ నా చెవుల వెనకే ఉంది. కాశీ వెళ్లినవాళ్లు గంగ తెస్తారు, తిరుపతి వెళ్లినవాళ్లు గుండు తెస్తారు, నేను సున్నం తెచ్చాను. మీలో నూటికి తొంభై తొమ్మిది మంది ఆ ఊరు వెళ్లి ఉండరు. మిగిలిన ఆ ఒక్కడూ బస్సు తప్పెక్కి వెళ్లి ఉంటాడు. అందుకే రాస్తున్నాను.

నాది తెనాలి, ఉద్యోగం హైదరాబాదులో. పాత కట్టడాల పట్టిక రాసే ఓ చిన్న ఆఫీసులో నక్షాలు గీసేవాణ్ణి. పట్టికలోకి ఎక్కిన కట్టడం మీద ఎవరూ పార వెయ్యకూడదు. ఎక్కాలంటే దానికి నూరేళ్లు నిండాలి. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తల్లో నారాయణఖేడ్ నుంచి మాకో ఉత్తరం వచ్చింది. పాత బజార్లో రోడ్డు వెడల్పు చేస్తారట, వరసగా ఉన్న పదకొండు దుకాణాలు పోతాయట, మావి ముత్తాతల నాటివి, వచ్చి చూడండి అని. మా ఆఫీసరుకు వెంటనే నడుం పట్టేసింది. దుమ్మున్న ఊరి పేరు వింటే చాలు, ఆయన నడుం పట్టేస్తుంది. అలా ఆ పని నా మీద పడింది. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు, బరువు తొంభై ఎనిమిది కిలోలు. ఈ రెండో అంకె మరిచిపోకండి, ముందు ముందు దీంతో పనుంది.

వెళ్లే ముందు మర్యాదగా ఓ కార్డు ముక్క రాశాను. "మీ పాత దుకాణాలు చూచుటకు శుక్రవారం వచ్చుచున్నాను." అంతే. ఈ ఒక్క వాక్యం ఎంత పని చేసిందో వినండి.

జోగిపేట దాకా మనుషులం, ఆపైన మిరపకాయలం

సంగారెడ్డి దాకా బస్సులో నలభై మందిమి. జోగిపేటకు నాలుగొందల మందిమి అయ్యాం. నా ఒడిలో ఒక మేకపిల్ల, మేకపిల్ల ఒడిలో ఒక సొరకాయ. జోగిపేటలో దిగి అర్ధరూపాయికి చాయ్ తాగాను. చాయ్ వేడి సంగతి సరే, అది గ్లాసులో నిలబడింది, గ్లాసు తీసేసినా నిలబడేలా ఉంది. మిర్చి బజ్జీలు రూపాయికి నాలుగు. మా తెనాలిలో బజ్జీ కోసం మిరపకాయని గింజలు తీసి మందలించి వేస్తారు. ఇక్కడ ఉన్నదున్నట్టు వేశారు. రెండోది తిన్నాక నా కళ్ల ముందు జోగిపేట రెండుగా కనబడింది, రెండూ ఎర్రగానే.

పక్క సీటులో నాగల్‌గిద్ద వైపు వెళ్లే ఒక రైతు. నా మొహం చూసి జాలిపడి, మూటలోంచి పచ్చి కందికాయలు తీసి ఇచ్చాడు.

"ఏ ఊరు పోతుండవ్ సారూ?"

"నారాయణఖేడ్. అక్కడి పాత దుకాణాలు చూద్దామని."

ఆయన ఒక కందికాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "కొనేటందుకా?"

"కాదండీ, చూడ్డానికే."

"చూసెటందుకే గింత దూరమా? మీ పట్నంల దుకాణాలు లెవ్వా?" అని, నా చేతిలో ఇంకో గుప్పెడు కందికాయలు పోశాడు, మతి చెదిరినవాడికి దానం చేసిన తృప్తితో.

పాత బజారు పెండ్లికూతురైంది

దిగి బజార్లోకి నడిచేసరికి నా గుండె ఆగిపోయింది. మళ్లీ మొదలవడానికి పదినిమిషాలు పట్టింది.

ఉత్తరంలో రాసింది నేను నాలుగుసార్లు చదివాను. టేకు కంబాలు, వాటి మీద చిలకల చెక్కడం, రాతి అరుగులు, నిలువు పలకల తలుపులు, సున్నపు గోడలు. నా ముందు ఉన్నది మాత్రం నిన్న సాయంత్రం పుట్టిన బజారు. ఒక దుకాణం గులాబీ రంగు, పక్కది నీలం, ఆ పక్కది కోడిగుడ్డు సొన పసుపు. చెక్కిన చిలకల ముక్కుల్లోకి ఆయిల్ పెయింటు పోయి గడ్డకట్టి, అవి కోళ్లో, కొంగలో, పుచ్చకాయలో చెప్పడం కష్టమైంది. వరస చివర ఒక దుకాణం చిలకాకుపచ్చ. ఆ ఆకుపచ్చ ఎంత గట్టిదంటే, అటుగా వచ్చిన ఎద్దు ఆగి గోడను ఒకసారి నాకి చూసింది.

"బన్ని బన్ని సారూ, ఊట ఆయ్తా?" అంటూ ఒకాయన ఎదురొచ్చాడు. బట్టల దుకాణం సంగప్ప, ఆ వరసకు పెద్ద. కర్ణాటక పక్కనే కాబట్టి భోజనం అయిందా అని కన్నడంలో అడిగి, జవాబు తెలుగులో తీసుకుంటాడు.

"ఏమిటండీ ఇదంతా?" అన్నాను.

సంగప్ప మొహం వెలిగిపోయింది. "మంచిగున్నదా? నీ కార్డు రాంగనే సురువు చేసినం. మా నర్సిములు నాలుగు దినాలు అన్నం తినలే, రంగులేసిండు."

నిచ్చెన మీంచి నర్సిములు కుంచె ఊపాడు. ఊపినప్పుడు ఒక గులాబీ చుక్క వచ్చి నా కళ్లద్దాల మీద పడింది.

"అయ్యా, నేను పాతవి చూడాలని రాశాను కదా!"

"అవ్ గద. చూసెటందుకు పెద్దసారు వస్తుండంటే పాతదాన్ని పాతలెక్కనే చూపిస్తమా? ఇజ్జత్ పోదూ? ఇంటికి సుట్టమొస్తె పాత చాప మీద కూసోబెడతమా?"

నేను కళ్లద్దాల మీది గులాబీ చుక్క తుడిచాను. అద్దమంతా గులాబీ అయింది.

ఆ చిలకాకుపచ్చ దుకాణం మాణెమ్మది. అరవై ఏళ్లుంటాయి. పగ్గాలు, మోకులు, ఎద్దుల మెడగంటలు, చాటలు అమ్ముతుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది, దుకాణం ఆమే నడుపుతుంది. "నమస్కారం మాణెమ్మగారూ" అన్నాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఎవరో గొప్పింటావిడ వచ్చిందేమోనని. ఎవరూ లేకపోయేసరికి నా వైపు తిరిగింది.

"నన్నేనా? గారు గీరు మాకొద్దు గాని, లోపల్కి రా సారూ. నీళ్లు తాగుదువు."

అని తను పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, గుమ్మంలోకి జారింది. నేను వింతగా చూశాను. గుమ్మం అంత సన్నగా ఉంది.

"సున్నం" అంది లోపలి నుంచి. "ఏటేటా దసరకు ముంగట ఒక పూత ఏస్తం. పాతది గీకం. ఇనుము తగలొద్దు, తగిల్తె లచ్చిమి పోతది. మా ముత్తమామ దినాలల్ల గీ తలుపుల నుంచి జొన్నల బండి ఎద్దులతో సహా లోపల్కి పోయేదంట. నేను పెండ్లై వచ్చిననాడు సీదా నడిచొచ్చిన. ఇప్పుడు గిట్ల పక్కకు మళ్లి పోవాలె."

నేను గుమ్మం దాకా వెళ్లి, దానికీ నాకూ ఉన్న తేడా చూసుకుని, నీళ్లు అరుగు మీదే తాగాను.

ఒక్క అడుగు మిగులుతుంది

శనివారం పొద్దున్నే ఓవర్సీర్ దిగాడు. రోడ్డు పని చూసే మనిషి. టేపు, సుద్దముక్క, తన చుట్టూ ఒక చిన్న తుఫాను. నాలాగే బొద్దు మనిషి, నాకంటే రెండు కిలోలు తక్కువ. ఇది నేనే తూచాను, కళ్లతో.

పట్టికలోకి ఎక్కించాలంటే నా సంతకంతో పాటు ఆయన సంతకం కూడా కావాలి. అది రూలు. ఆయన బజారు చూసి పగలబడి నవ్వాడు.

"సారూ, గిది పాత కట్టడమా? గోడకు చెయ్యి పెడితె అంటుకుంటున్నది! నూరేండ్లంటున్నరు, నూరు గంటలు కూడ కాలే!"

"రంగు పైపైనే. లోపల పాతదే."

"లోపల్ది నాకు కనవడాలె గద. కాయిదాలున్నయా?"

మాణెమ్మ అంది, "ఉండె. చెదలు తిన్నయి. కావాల్నంటె చెదలను పిలిపిస్త, అడుగు."

ఓవర్సీర్ టేపు పట్టాడు. అరుగు అంచు నుంచి లోపలికి పదడుగులు రోడ్డుకే. మాణెమ్మ దుకాణం లోతు పదకొండు. ఆయన సుద్దముక్కతో గోడ మీద గీసిన గీతకు అవతల మిగిలింది ఒక్క అడుగు.

మాణెమ్మ ఆ అడుగును జానతో కొలిచి చూసింది. "గీ అడుగుల నేను నిలవడాల్నా, మోకులు నిలవడాల్నా?"

నేను ఆవిడ కళ్లలోకి చూడలేక, గోడ మీది పచ్చరంగు వైపు చూశాను. ఆ రంగు నా కార్డు ముక్క వేయించిందే. నేను రాయకపోతే గోడ తెల్లగా, పాతగా, నమ్మేలా ఉండేది.

"గోడ ఒక మూల కొంచెం పగలగొట్టి చూపిద్దాం. లోపలి పాత సున్నం కనిపిస్తుంది" అన్నాను.

బజారంతా ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చింది. ఆ గాలికి నర్సిములు నిచ్చెన ఊగింది.

"ఏం మాట సారూ!" అంది మాణెమ్మ. "దుకాణం పోతె పోనీ. పోయే ముంగట దాన్ని నా చేతుల్తోని గీకుతనా?"

సంగప్ప నచ్చజెప్పాడు, "తనంతల తాను రాలితే రాలినట్టు. మనం రాల్చొద్దు. గదీ పద్ధతి."

ఓవర్సీర్ గడియారం చూసుకున్నాడు. "రేపు మాపటి బస్సుకు నేను పోత. గాలోపల నూరేండ్లని చూపెడితె సంతకం పెడత. లేకుంటె సోమారం నాడు కూలోళ్లు వస్తరు."

బోరంచలో మొక్కు, నా పొట్టలో చెల్లింపు

మాణెమ్మ ఒకటే మాట చెప్పింది. ముందు నల్లపోచమ్మకు మొక్కి, ఆ తర్వాతే ఏదైనా. ఆదివారం పొద్దున్నే అందరం ఆ అమ్మవారి ఊరు బోరంచ బయల్దేరాం. ఓవర్సీర్‌ని కూడా పిలిచింది. రోడ్డేసేవాడు తన గోడ కూల్చేవాడైనా సరే, కోడి కూర దగ్గర శత్రుత్వం ఏంటని ఆవిడ లెక్క.

గుడి దగ్గర ఆవరణంతా పొయ్యిలు. ప్రతి కుటుంబం మూడు రాళ్లు పెట్టి వండుకుంటోంది. మా వైపు గుళ్లో ప్రసాదం అంటే దోసిట్లో పట్టేంత పులిహోర, దానికి గంట క్యూ. ఇక్కడ అమ్మవారికి చూపించిన కోడి మొత్తం మనకే. మాణెమ్మ జొన్నరొట్టె చేత్తో తట్టి పెనం మీద వేస్తుంటే, ఆ చప్పుడుకు నా చెయ్యి తనంతట తనే పళ్లెం వైపు వెళ్లింది. రొట్టె, కోడి కూర, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు. నేను తొమ్మిది రొట్టెలు తిన్నాను. ఓవర్సీర్ ఎనిమిది. రెండు శాఖల మధ్య పోటీ కాబట్టి నేను ఇంకొకటి తిన్నాను.

"తిను సారూ, మొహమాటపడకు" అంది మాణెమ్మ. "రేపటికెల్లి నేను అరుగు మీద అమ్ముతనో, రోడ్డు మీద అమ్ముతనో, ఎవరికెర్క?"

పదకొండో రొట్టె నేను ఎందుకు తిన్నానో నాకూ తెలియదు. బాధకు కావచ్చు.

ఇరుక్కోవడం

మధ్యాహ్నం బజారుకు తిరిగొచ్చాం. ఓవర్సీర్ అరుగు మీద కూర్చుని బస్సు కోసం చూస్తున్నాడు. నా గొడుగు, పటాలు గీసుకున్న కాగితాలు పొద్దున మాణెమ్మ దుకాణం లోపల దాచిపెట్టింది. ఆవిడ లోపలెక్కడో మెడగంటలు సర్దుతోంది. నేనే తెచ్చుకుందామని, ఆవిడ చేసినట్టే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, గుమ్మంలోకి జారాను.

సగం జారాను. మిగతా సగం రాలేదు.

వెనక్కి రావాలని చూశాను. పదకొండు రొట్టెలూ ఒప్పుకోలేదు. ఊపిరి బిగబట్టడం మర్చిపోయి వదిలాను. అదే నేను జీవితంలో చేసిన అతి పెద్ద తప్పు. గుమ్మానికి అటూ ఇటూ సీసాకు బిరడాలా బిగుసుకుపోయాను.

"మాణెమ్మగారూ!"

లోపలి నుంచి, "ఎవరినో పిలుస్తుండ్రు" అంది ఆవిడ.

"అవ్వా!"

అప్పుడు వచ్చింది. చూసింది. చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బజారంతా వచ్చింది. ఎద్దు కూడా వచ్చింది. సంగప్ప ఒక చెయ్యి పట్టాడు, నర్సిములు ఇంకో చెయ్యి. ఓవర్సీర్‌కి కూడా లేచి రాక తప్పలేదు, నా బెల్టు పట్టుకున్నాడు. మాణెమ్మ లోపలి నుంచి రెండు చేతులూ నా వీపుకి ఆనించింది.

"నూకుడు సురు చెయ్యున్రి!"

నూకారు. నేను ఉన్న చోటే ఉన్నాను. మళ్లీ నూకారు. నా లోపల ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడు. నేను చచ్చానేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, విరిగింది నేను కాదు, గోడ. తలుపు పక్కనున్న సున్నం మూరెడు పొడవు, జానెడు వెడల్పు పలకలాగా ఊడి, నాతోపాటు అరుగు మీద పడింది. ఆ పొడి ఎంత లేచిందంటే, ఊరి అవతలి వాళ్లు మంచు పడుతుందని దుప్పట్లు తెచ్చుకున్నారు.

పొడి తగ్గాక మొదట చూసింది ఓవర్సీరే. ఆ పలకని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. దాని అంచు నా కళ్లకూ కనిపించింది. గోదావరి జిల్లా పూతరేకులు ఎప్పుడైనా మడత విప్పి చూశారా? అలా ఉంది. పైన చిలకాకుపచ్చ పొర ఒకటి. దాని కింద తెలుపు. తెలుపు కింద ఏడాది పొగ, ఏడాది దుమ్ము పట్టి, వెంట్రుకంత బూడిద గీత. దాని కింద మళ్లీ తెలుపు. మళ్లీ గీత. మళ్లీ తెలుపు. లోపలికి, లోపలికి.

"ఏటేటా ఒక్కటే పూతనా?" అన్నాడు ఓవర్సీర్.

"ఒక్కటే" అంది మాణెమ్మ. "దసరకు ముంగట."

ఆయన జేబులోంచి గుండుసూది తీశాడు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని పచ్చరంగు వదిలేసి, సున్నం పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పక్కనే నేను కాగితం మీద గీతలు కొట్టాను. బజారంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. యాభై దాటగానే చప్పట్లు. ఎనభై దగ్గర బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఓవర్సీర్ తలెత్తలేదు. తొంభై దగ్గర సంగప్ప వచ్చి ఆయన భుజం మీంచి తొంగిచూశాడు.

"తొంభై ఐదు. తొంభై ఆరు. తొంభై ఏడు." సూది పలక వెనక అంటుకున్న ఇటుకను తాకింది.

ఆయన ఇంకోసారి లెక్కపెట్టాడు. తొంభై ఏడే.

"మూడు తక్కువ" అన్నాడు మెల్లగా. ఆయనకూ బాధగానే ఉంది, అది మాత్రం నిజం. "నేనేం చెయ్యాలె అవ్వా? రూల్ల నూరున్నది."

మాణెమ్మ ఆయన పక్కన చతికిలబడింది. ఆ పలకను ఒళ్లోకి తీసుకుని, అంచు మీద వేలు పెట్టి మెల్లగా నడిపించింది. ఒకచోట ఆగింది. అక్కడ గీత వెంట్రుకంత లేదు. గోరంత మందంగా, నల్లగా ఉంది.

"గీడ సున్నం లేదు" అంది. "సావు జరిగిన ఇంట్ల ఆ ఏడు సున్నం ఎయ్యరు. రెండేండ్ల మసి ఒక్కచోటికి పడ్డది. గిది మా ఇంటాయన పోయిన యాడాది."

ఆవిడ వేలు కిందికి వెళ్లింది. "గిది మా అత్తది. గిది మా మామది. ఆయన పోయినప్పుడు నాకు కొత్తగ పెండ్లైంది." ఇంకా కిందికి, ఇటుకకు దగ్గరగా, మరో రెండు నల్లగీతలు. వాటి దగ్గర వేలు ఆపింది. "గీ రెండు ఎవరియో నాకెర్కలేదు. నాకన్న ముందుగాళ్లు. ఎవరో పోయిండ్రు గాని. లేకుంటె దసరకు సున్నం ఆగది."

ఓవర్సీర్ ఐదు నల్లగీతల మీదా సూది ఆనించి చూశాడు. తలపాగా లేదు గాని, ఉంటే తీసేవాడే. నా దగ్గరున్న పట్టిక కాగితం తీసుకుని, వయసు అన్న గడిలో "నూట రెండు" అని రాసి, కింద సంతకం పెట్టాడు. సుద్దగీత ఆయనే తన చొక్కా చేత్తో తుడిచేశాడు. చొక్కా పచ్చగా అయింది.

మిగతా పది

కథ ఇక్కడ అయిపోతే నేను మర్యాదగా ఇంటికి వచ్చేవాణ్ణి. కానీ దుకాణాలు పదకొండు. రూలు ప్రకారం దేని వయసు దానిదే. ఇనుము తగలకూడదు, తనంతట తను రాలాలి. సంగప్ప చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"సారూ, జరంత మా తలుపుల నుంచి కూడ పో."

వద్దన్నాను. అప్పటికే పది దుకాణాల ముందు పది పళ్లేలు సిద్ధమయ్యాయి. ఎవరింట్లో ఏముంటే అది: గారెలు, సర్వపిండి, పప్పు, రొట్టెలు. తినిపించడం, నూకడం, లాగడం. ఆరు దుకాణాలకు నా పొట్ట సరిపోయింది. ఏడో గుమ్మంలో చొక్కా చిరిగి నేను అరుగు మీద పడిపోయాను. మిగిలిన నాలుగింటికీ బస్సు తప్పిన ఓవర్సీర్‌ని వాడుకున్నారు. ఆయన రెండు కిలోల తేడా రెండు గారెలతో పూడ్చారు. ఆయన ఇరుక్కున్నప్పుడు నేను బెల్టు పట్టుకున్నాను. ఆ ఆనందం నా ఉద్యోగంలో మళ్లీ దొరకలేదు.

అన్నిట్లోనూ లెక్క నూరు దాటింది, పదకొండు కాగితాల మీదా ఇరవై రెండు సంతకాలు పడ్డాయి. అన్నీ వంకరగానే.

కార్డు

దసరా వెళ్లిన పది రోజులకు ఆఫీసుకు ఒక కార్డు వచ్చింది. అక్షరాలు సంగప్పవి, మాటలు మాణెమ్మవి.

"సారుకు మాణెమ్మ నమస్తె. దుకాణాలు మంచిగున్నయి. రోడ్డు మా వరస ముంగట వంకర తిరిగింది, లారీలోళ్లు నిన్ను తిట్టుకుంట పోతుండ్రు, బాధపడకు. నర్సిములుతోని పచ్చరంగు కిరసనాయిల్ వెట్టి కడిగించిన. ఊడిన పలక మీద మా ఇంటాయన ఏడు ఉన్నది గద, దాన్ని పోనియ్యలే, దీపం గూట్ల పెట్టిన. దసరకు సున్నం ఏసినం. నువ్వు ఇరుక్కున్న జాగ మాత్రం ఇడిచిపెట్టినం, గాడ ఎయ్యనీయలే. పండుగ నాడు కొబ్బరికాయ కొట్టి దుకాణంలకు పోయిన. పక్కకు మళ్లలే. పెండ్లై వచ్చిననాటి లెక్క, సీదా నడిచి పోయిన."